ఆరు రేవులు

జూన్ ముసురులో రంగు ఆరదు. ధర్మరాజు రెండు బొగ్గుల కుంపట్లు పెట్టి, పటం గుడ్డ చుట్టూ జరుపుకుంటూ మూడు రోజులుగా ఆరబెడుతున్నాడు. చిమిండైంగ్ బజారు వెనక సందులో అతని ఇంటి ముందుగదినంతా ఆ గుడ్డే ఆక్రమించింది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న మార్కిన్ గుడ్డ. గంజి, సుద్ద, వేపబంక కలిపి మూడు పూతలు పూసి, గాజుసీసాతో రుద్ది నున్నగా చేశాడు. ఇంట్లోవాళ్ళు వంటింట్లోకి పోవాలంటే గోడకు వీపు ఆనించి, పాదాలు అడ్డంగా వేస్తూ నడవాలి.

సైన్యం సర్కారు వచ్చాక బయటి దేశాల నుంచి బడి పటాలు రావడం మానేసి నాలుగేళ్ళు దాటింది. అట్లాసులూ లేవు, రంగులూ లేవు, మంచి కుంచెలూ లేవు. రంగూన్‌లో ఏ బడికి ఏ దేశం కావలసినా బోర్డులు రాసే ధర్మరాజే చేత్తో గీసి ఇవ్వాలి. ఈసారి కావలసింది చైనాలోని యాంగ్‌ట్సీ నది. అడిగినవాడు లిన్ సయా. ఒకప్పుడు చైనీయుల బడి, ఇప్పుడు సర్కారు బడి అయినచోట అతను భూగోళం చెబుతాడు. యాభై దాటిన బక్కపలచని చైనీయుడు. పేట మొత్తం అతన్ని సయా అనే పిలుస్తుంది. సయా అంటే పంతులుగారని.

శుక్రవారం బడి వదలగానే లిన్ వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, పటం పక్కన గొంతుక్కూర్చున్నాడు. చేతిలో అరచేయంత అట్లాసు కాగితం. దాని మీద పెన్సిలుతో గళ్ళు గీసి ఉన్నాయి. అవే గళ్ళను ధర్మరాజు బొగ్గుపొడిలో ముంచిన దారంతో గుడ్డ మీద పెద్దవిగా కొట్టుకున్నాడు.

"ఇక్కడ నది సన్నబడాలి, కో ధర్మా. ఇంకా. నువ్వు అందంగా గీయాలని చూస్తున్నావు. రెండు పక్కలా నిటారు కొండలు. మధ్యలో నీళ్ళకు చోటు లేదు."

వాళ్ళిద్దరూ బర్మా భాషలోనే మాట్లాడుకునేవాళ్ళు. కో అంటే అన్నా అని. ధర్మరాజు బట్టలకు పెట్టే నీలాన్ని జిగురులో కలిపి నదికి వాడుతున్నాడు. కుంచె కొనను పెదాలతో తడిపి మొన తేల్చి, కొండల మధ్య గీతను సన్నం చేశాడు.

"ఇంత ఇరుకులో నీళ్ళు ఎదురొస్తుంటే పడవలు ఎగువకు ఎలా వెళ్ళేవి సయా?"

"మనుషులు లాగేవారు. ఒక పెద్ద పడవకు ఎనభై మంది, నూరు మంది. వెదురుతో పేనిన తాడు భుజానికి తగిలించుకుని, గట్టు రాళ్ళ మీద చేతులు ఆనేంత వంగి లాగేవారు. తాడు తెగితే పడవా పోయేది, మనుషులూ పోయేవారు. ఎగువకు దూది, బట్టలు. దిగువకు ఉప్పు, చెక్కకు పూసే తుంగ్ నూనె, మూలికలు. ఆ కొండల వెనక ఉన్న దేశానికంతటికీ ఇదొక్కటే దారి."

లిన్ వేలితో దిగువకు వచ్చాడు. చుంగ్‌కింగ్, ఇచాంగ్, హాంకౌ, కియూకియాంగ్, నాన్‌కింగ్, షాంఘై. ఆరు రేవులు. ఏ రేవులో ఏ సరుకు దిగేదో పిల్లలకు చెప్పినట్టే చెప్పాడు. హాంకౌ దగ్గర ఆగాడు. "సముద్రం ఇక్కడికి ఆరువందల మైళ్ళు. అయినా సముద్రపు ఓడలు ఇక్కడిదాకా వచ్చేవి. టీ కోసం. తెల్లవాళ్ళు ముందు బేరానికి వచ్చారు. బేరం నచ్చకపోతే ఫిరంగులతో వచ్చారు. మన బర్మాకు టేకు కోసం వచ్చినట్టే."

"మీరు చూశారా ఇవన్నీ?"

లిన్ నవ్వాడు. "నేను బస్సీన్‌లో పుట్టాను. మా నాన్నా అక్కడే. నేను చూసిన పెద్ద నది ఐరావతి. ఇదంతా పుస్తకాల్లో చదివిందే." అని పటం ఎడమ చివర, పడమటి కొండల్లో వేలు పెట్టాడు. "ఇదుగో, ఇక్కడ మన థాన్‌ల్విన్ నది దీనికి దగ్గరలోనే పారుతుంది. కొన్ని కొండలే అడ్డం. ఇది తూర్పుకు తిరిగి షాంఘై వెళ్ళింది. అది దక్షిణానికి వచ్చి మౌల్మీన్ దగ్గర మన సముద్రంలో కలిసింది. పిల్లలకు ఇది చెబితే నోళ్ళు తెరుస్తారు."

అప్పుడు పట్టి చూశాడు రేవుల చుక్కల రంగుని. నుదురు ముడిపడింది. "నలుపు వెయ్యమన్నాను కదా. ఎరుపెందుకు వేశావు?"

"దీపం మసితో చేసిన నలుపు ఈ తేమకు ఆరడం లేదు సయా. చెయ్యి తగిలితే అలుక్కుపోతోంది. ఇది ఎనామిల్. గట్టిగా పట్టుకుంటుంది."

ఆ ఎనామిల్ ఎక్కడిదో ధర్మరాజు చెప్పలేదు. ప్రజా దుకాణాలకు నంబరు బోర్డులు రాయమని సర్కారు గోదాము నుంచి ఇచ్చిన డబ్బా అది. బోర్డులయ్యాక అడుగున మిగిలినదాన్ని తిరిగి అప్పజెప్పాలి. అతను అప్పజెప్పలేదు.

లిన్ కాసేపు చూశాడు. "సరేలే, వెనక బెంచీవాళ్ళకు కూడా కనిపిస్తాయి" అని లేచాడు. బుధవారానికి వార్నీషు పూర్తి చేసి, పైనా కిందా కర్రలు కొట్టి ఇచ్చేట్టు మాట.

*

సోమవారం నాడు బడుల దగ్గర గొడవలన్నారు. పిల్లలు చొక్కాలకు పెట్టుకున్న చైనా నాయకుడి బొమ్మ బిళ్ళల గురించట, తీసెయ్యమన్నా తియ్యలేదట. మంగళవారం మధ్యాహ్నానికి గొడవ వీధుల్లోకి, చైనీయుల ఇళ్ళ మీదికి వచ్చింది.

ధర్మరాజు వార్నీషుకు రాజనం కొనుక్కొస్తూ రెండు సందుల అవతలే ఆగిపోయాడు. లిన్ అద్దెకుండే మేడ కింద సేమ్యాలు చేసే దుకాణం ఉంది. దాని తలుపులు వీధిలో పడి ఉన్నాయి. పులియబెట్టిన సోయా రసం జాడీలు పగలగొట్టినట్టున్నారు, కాలవ నల్లగా పారుతోంది. జనం ఆ నల్లటి నీళ్ళలోనే చెప్పుల్లేకుండా తిరుగుతున్నారు. ఒకతను మూడు చొక్కాలు ఒకదానిమీదొకటి తొడుక్కుని నాలుగోదాని బొత్తాలు పెట్టుకుంటున్నాడు. పండగలకు ధర్మరాజు ఇంటికి మిఠాయి పంపే పొరుగింటి వర్తకుడి భార్య, చీర కుచ్చెళ్ళు ఎత్తి ఒడి చేసుకుని, కాలవలో పడిన బాతుగుడ్లు ఏరుతోంది. పగిలిన వాటిని కూడా వాసన చూసి వేసుకుంటోంది. అతన్ని చూసి నవ్వింది. "ఊరికే పాడైపోతన్నాయి బాబూ" అంది.

పైనుంచి పుస్తకాలు పడుతున్నాయి. ఎవరూ వాటిని తీసుకోవడం లేదు. తొక్కుకుంటూ పోతున్నారు.

లిన్ అక్కడ లేడు. బడిలోనే ఉండిపోయాడని ఎవరో అన్నారు. ధర్మరాజు ఇంకేమీ అడగలేదు. ఆ మేడ పక్క సందులోంచి ఒక ముసలాయన్ని ఈడ్చుకొస్తున్నారు. ముఖం నిండా రక్తం. ధర్మరాజు తల తిప్పుకుని, నడక వేగం పెంచి, ఇంటికొచ్చి గడియ పెట్టుకున్నాడు.

ఘడియ గడవకుండానే తలుపు మీద దబదబా చప్పుడు. వచ్చినవాడు బావమరిది త్రినాథ్. భుజం మీద కుట్టుమిషను పైభాగం.

"దారి ఒగ్గు బావా, బరువుగుంది."

"ఎక్కడిదిరా?"

"తయోక్ టైలరమ్మది, ఆ సైనా ఆవిడిది. నాను తేకపోతే ఇంకొకుడు ఎత్తుకుపోతాడు."

పటం తొక్కకుండా గోడవారగా నడిచి, మిషనును వంటింటి గట్టు మీద దించాడు. సూది కింద చిన్నపిల్లవాడి చొక్కా ఇరుక్కుని ఉంది. ఒక చెయ్యి కుట్టి ఉంది, రెండో చెయ్యి సగంలో ఆగింది. అంచుకు సోయా మరక.

ధర్మరాజు అత్తగారు లక్ష్మీనరసమ్మ పీట మీద నుంచి లేచి వచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి. మిషను చక్రాన్ని అరచేత్తో నిమిరి ఒక చుట్టు తిప్పింది. సూది పైకి లేచి దిగింది.

"బాగానే తిరుగుతంది" అంది.

"అత్తా!" అన్నాడు ధర్మరాజు. "ముప్పయ్యో యేడు ఓడల డాకుల కాడ బర్మావోలు మనోలిని నరుకుతుంటే మూడు దినాలు పాయఖానాలో దాక్కున్నానని నువ్వే సెప్పినావు కదే. నీకు తెలవదా?"

"తెలుసు కాబట్టే అంతన్నాను." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "ఆ యేడు నా పెట్టె, నా ఇత్తడి బిందెలు ఎత్తుకుపోనారు. ఎవులైనా తెచ్చి ఇచ్చినారా? ఇప్పుడు ఆలమీద పడ్డారు, మనమీద పడనేదు. దేవుడికి దండమెట్టుకో."

"తిరిగిచ్చీసి రా" అన్నాడు త్రినాథ్‌తో.

"ఎవులికిచ్చీమంతావు బావా? తలుపే నేదు ఆ ఇంటికి."

ధర్మరాజు భార్య వీరలక్ష్మి ముందుకొచ్చింది. సూది కింది నుంచి చొక్కాను మెల్లగా లాగి, దారం పళ్ళతో తెంపి, తొట్టి దగ్గరకు తీసుకెళ్ళి సోయా మరక సబ్బుతో రుద్దింది. పిండి, దండెం మీద ఆరేసింది. తమ్ముడి వైపు చూడలేదు.

బుధవారం పొద్దున్న పేట కమిటీ పెద్ద ఊ బా థేన్ ఇద్దరు మనుషులతో వచ్చాడు. చైనా పటం గురించి త్రినాథ్ టీ దుకాణంలో గొప్పగా చెప్పాడు, మా బావ గదంత పటం రాస్తన్నాడని. బా థేన్ చెప్పులు విడవలేదు. గుమ్మంలో నిలబడి పటాన్ని ఆ చివర నుంచి ఈ చివరకు చూశాడు. కిళ్ళీ నములుతున్నాడు.

"ఈ ఎర్ర గుర్తులేమిటి?"

"రేవులు. సరుకు దిగే ఊళ్ళు."

"షాంఘై నుంచి మన కొండలవైపు వస్తున్నాయి, దండు నడిచినట్టు. ఎర్రగా. ఎవరు వెయ్యమన్నారు ఎరుపు?"

ధర్మరాజు చూపు మూలనున్న డబ్బా మీద పడింది. దాని మీద గోదాము ముద్ర ఉంది. బా థేన్ మనిషి ఒకడు దానికి రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. ధర్మరాజు జేబులో ఫారినర్ కార్డు ఉంది. ఈ ఊళ్ళోనే పుట్టినా అతని కాగితం అదే. సర్కారు రంగు దొంగిలించిన ఫారినరును దేశం దాటించే ఏ ఓడ ఎక్కిస్తారో అతనికి తెలుసు.

"నేను కూలికి రాసేవాణ్ణి" అన్నాడు. "ఆయన ఎలా చెబితే అలా రాశాను."

"ఎరుపు కూడా?"

"అంతా ఆయన చెప్పిందే."

మాట చాలా తేలిగ్గా వచ్చింది. బా థేన్ తలూపి, కుంపటి పక్కన ఎర్రగా ఉమ్మి, పటాన్ని చుట్టమన్నాడు. రాత్రి పూసిన వార్నీషు ఇంకా ఆరలేదు. మనుషులు చాపను చుట్టినట్టు చుట్టేస్తుంటే నీలం, ఎరుపు, కొండల పసుపు ఒకదాన్నొకటి అంటుకున్న జిగట చప్పుడు వినిపించింది. ఆ సాయంత్రమే బడిలో తలదాచుకున్న లిన్‌ను ఠాణాకు తీసుకుపోయారు.

*

గురువారం ధర్మరాజు అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. శుక్రవారం కూడా అంతే. చేపల పులుసు వాసనే పడలేదు. వంటింటి గట్టు మీద మిషను కనిపిస్తే ముఖం తిప్పుకునేవాడు. త్రినాథ్ దానికి నూనె పెడుతూ ఈలపాట పాడుకుంటున్నాడు. వర్తకుడి భార్య బాతుగుడ్ల కూర ఒక గిన్నెడు పంపింది. ధర్మరాజు గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్ళి, కాలవలో ఒంపి, గిన్నె తోమి, తిరిగి పంపించాడు.

"సిగ్గులేని జనం" అన్నాడు లోపలికొచ్చి. "మీ తమ్ముడు, మీ అమ్మ, ఆ గుడ్లావిడ... అందరూను. ఈల మొహాలు సూస్తే డోకొస్తంది."

వీరలక్ష్మి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేట ఆపలేదు.

"ఆల సంగతి సరే. నువ్వేటి సెప్పినావు బా థేన్‌కి?"

అతను తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"నాను వంటింట్లోంచి ఇన్నాను. పంతులు నలుపు అడిగినాడు. ఇక్కడే కూకున్నాడు, నీ పక్కనే. నాను టీ ఇస్తన్నప్పుడే అడిగినాడు." ఒక రాయి తీసి గుమ్మంలోంచి విసిరింది. "మావోడు మిషను తెచ్చినాడు. నువ్వు పంతుల్నే ఇచ్చీసినావు."

తనకు కోపం వస్తుందనుకున్నాడు ధర్మరాజు. రాలేదు. లేచి, తొట్టి దగ్గర నోరు పుక్కిలించాడు. మళ్ళీ పుక్కిలించాడు. నోట్లో కిళ్ళీ ఉమ్మి వాసన పోలేదు, అతను కిళ్ళీ వేసుకోడు కూడా.

శనివారం ఉదయం ఉతికిన లుంగీ కట్టుకుని, గోదాము ముద్ర ఉన్న డబ్బాను గుడ్డ సంచిలో పెట్టుకుని బయల్దేరాడు. వీరలక్ష్మి గుమ్మంలో నిలబడింది. సంచిలో ఏముందో ఆమెకు తెలుసు. గొడుగు తెచ్చి ఇచ్చింది.

ఠాణాలో రెండు గంటలు బల్ల మీద కూర్చున్నాడు. గోడవార దొంగసొత్తు పోగులు. గడియారాలు, పింగాణీ పళ్ళేలు, పరుపులు. ఒక కానిస్టేబులు ఆ పోగులోంచి చెప్పుల జత తీసి, కాళ్ళకు పెట్టుకుని, రెండడుగులు నడిచి, చాలకపోతే తిరిగి పడేశాడు. చివరికి అధికారి లోపలికి పిలిచాడు. చిన్న వయసువాడు, నిద్రలేక కళ్ళు ఎర్రబడ్డాయి. బల్ల కింద ధర్మరాజు పటం చుట్ట పడి ఉంది. దాని మీద అధికారి కాళ్ళు ఆనించుకున్నాడు.

ధర్మరాజు నిలబడే చెప్పాడు. ఎరుపు తనదని, పంతులు నలుపు అడిగాడని, తడికి ఆరదని తానే మార్చానని. బుధవారం అబద్ధం చెప్పానని. డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు.

అధికారి డబ్బాను చూసి, ఒక దస్త్రం తెరిచి, కాగితం మీద వేలు పెట్టి చదివాడు.

"నీ పంతులు వాంగ్మూలం ఇది. 'రంగు నేనే ఎంచాను. ఎరుపు నేనే అడిగాను. రాసినవాడికి పటంలో ఏముందో తెలియదు, అతను చదువుకోనివాడు.' కింద సంతకం ఉంది."

ధర్మరాజుకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక దస్త్రం మీదికి వంగి ఆ సంతకం చూశాడు.

"ఆయన అబద్ధం చెప్పాడు."

"అంటే అతనిమీద ఇంకో నేరం రాయమంటావా?" అధికారి ఆవులించాడు. "చూడు, కలా" అన్నాడు, భారతీయులను చులకనగా పిలిచే మాటతో. " పటం సంగతి అతను తన నెత్తినేసుకున్నాడు. నిన్నెవరూ అడగలేదు. ఆ డబ్బా సంచిలో పెట్టుకో. నేను చూడలేదు. ఇంటికెళ్ళి అన్నం తిను."

వాన పెరిగింది. తలుపు తెరిచే ఉంది. గొడుగు బయట బల్లకు ఆనించి ఉంది. డబ్బాను తీసి సంచిలో వేసుకోవడానికి ఒక చెయ్యి చాలు.

"రాసుకోండి" అన్నాడు ధర్మరాజు. "నేను చెప్పింది రాసుకోండి. నాకు చదువు వచ్చు. ఆ ఆరు ఊళ్ళ పేర్లు నా చేత్తోనే రాశాను. కావాలంటే ఇప్పుడు రాసి చూపిస్తాను."

అధికారి అతన్ని విసుగ్గా చూసి కాగితం లాక్కున్నాడు. రాయడం అయ్యాక ఫారినర్ కార్డు అడిగి, సొరుగులో వేసుకున్నాడు. ప్రతి శనివారం వచ్చి సంతకం పెట్టాలి. పేట దాటి వెళ్ళకూడదు. రంగు సంగతి గోదామువాళ్ళకు రాస్తారు. ఇక సర్కారు బోర్డులు, బడి పటాలు అతనికి రావు. ఇవన్నీ అధికారి తల ఎత్తకుండానే చెప్పాడు.

*

లిన్‌ను పదకొండో రోజున వదిలేశారు. ధర్మరాజు వాంగ్మూలం వల్ల కాదు. లాకప్ గదులు ఖాళీ చెయ్యమని పైనుంచి ఉత్తరువు వచ్చిందట. ఇంకా కోర్టుకు పంపని వాళ్ళనందర్నీ ఒక్క పొద్దునే గేటు బయటకు పంపించేశారు.

ఆ మధ్యాహ్నమే లిన్ వచ్చాడు. ధర్మరాజు ముందుగదిలో టీ దుకాణానికి ధరల పలక రాస్తున్నాడు. ఇప్పుడతనికి దొరికే పని అదే. గది మధ్య ఖాళీగా ఉంది. లిన్ చెప్పులు విడిచి, గుమ్మంలోనే ఆగాడు. ఒక కంటి కింద వాపు పసుపు తిరిగింది. చొక్కా ఎవరిదో, భుజాల మీంచి జారుతోంది.

"కూర్చోండి సయా."

కూర్చోలేదు. "నువ్వెందుకు వెళ్ళావు ఠాణాకు?"

ధర్మరాజు కుంచె కింద పెట్టాడు.

"నేను సంతకం పెట్టింది ఎందుకనుకున్నావు?" లిన్ గొంతు ఎప్పుడూ అంత పెరగలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. "వాళ్ళు నన్నెలాగూ వదలరు. నా ముఖమే వాళ్ళకు చాలు. ఒక్క మనిషైనా బయట ఉంటాడని రాసిచ్చాను. చదువు లేనివాడివని కూడా రాశాను, నిన్ను పట్టించుకోరని. నువ్వెళ్ళి దాన్ని చెరిపేశావు. ఇప్పుడు నీ కార్డు సొరుగులో ఉంది. నీ పని పోయింది. దేనికి పనికొచ్చింది?"

"దేనికీ పనికిరాలేదు సయా."

"మరి?"

"మీ కోసం వెళ్ళానని చెప్పుకోలేను. ఇంట్లో ఉండలేకపోయాను. అందుకే వెళ్ళాను."

లిన్ ద్వారబంధం మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. వీధిలో ఎవరో నిమ్మకాయలు అమ్ముకుంటూ పోతున్నారు. ఆ కేక సందు చివరకు వెళ్ళింది.

"బుధవారం నువ్వు చెప్పింది నాకు చదివి వినిపించారు" అన్నాడు లిన్ చివరికి, కాస్త తగ్గి. "దానికి నాకేమీ కోపం రాలేదు, కో ధర్మా. భయపడ్డవాడి మాట అనుకున్నాను. నువ్వు రెండోసారి వెళ్ళావే, కోపమంతా దానికే."

ధర్మరాజు తల ఎత్తాడు. ఇన్ని రోజుల్లో ఎవరి ముఖమూ తిన్నగా చూడలేదు అతను.

"కోపం మొదటిదానికి రావాలి సయా."

లిన్ వాచిన కన్ను సగమే తెరుచుకుంటోంది. ఆ కంటితోనే ధర్మరాజును చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా, నొప్పి ఉన్న మోకాలిని చేత్తో పట్టుకుని, నేల మీద కూర్చున్నాడు.

"వచ్చింది" అన్నాడు. "అది చదివి వినిపించినప్పుడు, నువ్వు ఎదురుగా ఉంటే గొంతు పట్టుకునేవాణ్ణి."

వీరలక్ష్మి రెండు గ్లాసులతో బయటికొచ్చి, ఒకటి లిన్ ముందు, ఒకటి భర్త ముందు పెట్టింది. లిన్ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని వేడి చూసుకున్నాడు. ధర్మరాజు కుంచె తీయబోయి, తీయలేదు. పలక మీద సగం రాసిన అంకె అలాగే ఉండిపోయింది. ఇద్దరూ టీ చల్లారేదాకా కూర్చున్నారు.